తుపాకీ లేని ఫాంటమ్: ఆర్ఎఫ్-4సి నిఘా జెట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధ విమానాల కబుర్లు మొదలైతే చాలామంది ముందుగా అడిగేది అది ఎన్ని శత్రు విమానాలను కూల్చిందనే. ఆ లెక్కన, ఎఫ్-4 ఫాంటమ్ అనే ఫైటర్‌కు నిఘా రూపమైన ఆర్ఎఫ్-4సికి వచ్చే మార్కులు సున్నా. అయినా అమెరికా వైమానిక దళం మూడు దశాబ్దాల పాటు దాన్ని నమ్ముకుంది. దాని పని చూసి రావడం, చూసినదాన్ని ఫిల్ము మీద పట్టుకుని రావడం. ఈ విమానం గురించి నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెడుతున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఆ విషయాలంటే నాకు కాస్త మక్కువ ఎక్కువ.

నిఘా విమానం అంటే గూఢచారి విమానమేనా?

సగమే నిజం. నిఘాకు ఇంగ్లీషులో వాడే రెక్కీ అనే మాట మన పత్రికల్లో దొంగతనం వార్తల్లో తరచూ కనిపిస్తుంది: పగలు రెక్కీ చేసి, రాత్రి తాళం పగలగొట్టారని. సైన్యంలోనూ దాని అర్థం అంతే. పని మొదలుపెట్టే ముందు స్థలం చూసి రావడం.

యు-2, ఎస్ఆర్-71 లాంటి అమెరికా గూఢచారి విమానాలు ఒక దేశం గుట్టు తెలుసుకోవడానికి వెళ్లేవి. క్షిపణి కేంద్రం ఎక్కడ కడుతున్నారు, కొత్త బాంబర్లు ఎన్ని తయారయ్యాయి వంటి ప్రశ్నలకు అవి జవాబు తెచ్చేవి. ఆ జవాబు దేశాధ్యక్షుడి బల్ల మీదికి చేరేది. యుద్ధరంగ నిఘా విమానానికి పడే ప్రశ్నలు చిన్నవి, తొందరవి. రేపు తెల్లవారుజామున దాడి చేయబోయే వంతెన పక్కన ఈ సాయంత్రం ఎన్ని తుపాకులున్నాయి? నిన్న బాంబులు వేసిన రైలు యార్డులో పట్టాలు మళ్లీ వేశారా? ఈ జవాబు ఒక వింగ్ కమాండర్‌కో, ఒక బ్రిగేడ్‌కో కొన్ని గంటల్లో అందాలి. ఆలస్యమైతే అది నిన్నటి పేపరే.

ఎత్తులోనూ తేడా ఉంది. యు-2 సుమారు 70,000 అడుగుల ఎత్తులో తిరుగుతుంది. ఆర్ఎఫ్-4సి చాలాసార్లు కొన్ని వందల అడుగుల ఎత్తులో, చెట్ల కొమ్మలు లెక్కపెట్టగలిగేంత కిందుగా దూసుకుపోయేది.

ఈ పని ఎప్పుడు మొదలైంది?

విమానానికి యుద్ధంలో దొరికిన మొదటి ఉద్యోగమే ఇది. 1914 సెప్టెంబరులో పారిస్ వైపు వస్తున్న జర్మన్ సైన్యం దారి మళ్లించిందని విమానాల్లోంచి చూసినవాళ్లు చెప్పారు. మార్న్ యుద్ధంలో ఫ్రెంచి, బ్రిటిష్ సేనలకు అది అక్కరకొచ్చింది. తుపాకులూ బాంబులూ విమానాల మీదికి ఎక్కింది నిఘా పని తర్వాతే.

జెట్ ఇంజను వచ్చాక కూడా అదే వరస. 1944 ఆగస్టు 2న జర్మన్ పైలట్ ఎరిక్ సోమర్ అరాడో-234 జెట్‌లో నార్మండీ తీరం మీదుగా ఎగిరి మిత్రదళాల స్థావరాలను ఫొటో తీశాడు. జెట్ విమానం చేసిన తొలి నిఘా ప్రయాణం అదే. తర్వాత కొరియా యుద్ధంలో అమెరికా ఆర్ఎఫ్-80ని వాడింది. 1950ల చివరికి ఆర్ఎఫ్-101 వూడూ వచ్చింది. ఒక వూడూ 1957 నవంబరు 27న లాస్ ఏంజెలిస్ నుంచి న్యూయార్క్ వెళ్లి తిరిగి వచ్చింది, మొత్తం ఏడు గంటల లోపే. ఆ రోజుల్లో అదొక పెద్ద వార్త.

క్యూబా సంక్షోభంలో ఫొటోలు తీసింది ఈ విమానమేనా?

కాదు. ఆర్ఎఫ్-4సి అప్పటికి ఇంకా పుట్టలేదు. కానీ ఆ కథ తెలియకపోతే ఈ విమానాన్ని ఎందుకు అన్ని వందలు కట్టారో అర్థం కాదు.

1962 అక్టోబరు 14న క్యూబా మీద యు-2 తీసిన ఫొటోల్లో సోవియట్ క్షిపణులు కనిపించాయి. పై నుంచి చూస్తే పొడవాటి గొట్టాలు, గుడారాలు, కొత్తగా వేసిన మట్టి బాటలు ఉన్నాయి. నిపుణులకు అవి చాలు, ప్రపంచాన్ని ఒప్పించడానికి చాలవు. అక్టోబరు 23న నౌకాదళానికి చెందిన ఆర్ఎఫ్-8 క్రూసేడర్లు ఫ్లోరిడాలోని కీ వెస్ట్ నుంచి బయల్దేరి, క్యూబా మీద చెట్ల ఎత్తున దూసుకుపోయి ఫొటోలు తెచ్చాయి. ఆ దళాన్ని నడిపింది కమాండర్ విలియం ఎకర్. కొద్ది రోజుల్లో వైమానిక దళం వూడూలూ రంగంలోకి దిగాయి. ఇక సందేహానికి తావు లేకుండా పోయింది. క్షిపణి మోసే బండ్ల చక్రాలు, ఇంధనం ట్యాంకర్లు, ఒకదానికొకటి అల్లుకున్న కేబుళ్లు కూడా కనిపించాయి.

ఆ క్రూసేడర్ల దళానికి ఒక చిలిపి అలవాటు ఉండేది. క్యూబా మీదికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ విమానం పక్కన ఒక చచ్చిన కోడి బొమ్మ అచ్చు వేసుకునేవారు. క్యూబా నాయకుడు కాస్ట్రో న్యూయార్క్ వచ్చినప్పుడు ఆయన బృందం హోటల్ గదిలోనే కోళ్లు వండుకున్నదని ఒక ప్రచారం ఉండేది. దాని మీద వేళాకోళం అది.

మరి ఫాంటమ్‌నే ఎందుకు ఎంచుకున్నారు?

వేగం, రెండు ఇంజన్లు, రెండు సీట్లు. వూడూలో పైలట్ ఒక్కడే. గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో కొండల మధ్య ఎగురుతూ, మ్యాపు చూసుకుంటూ, కెమెరాల మీటలు నొక్కుతూ, కింది నుంచి వచ్చే కాల్పులు గమనించాలంటే రెండు కళ్లు చాలవు. ఫాంటమ్ వెనక సీటులో దారి చూపడానికీ, పరికరాలు నడపడానికీ ఇంకో మనిషి ఉంటాడు. నా లెక్కలో ఆ రెండో సీటు విలువ రెండో ఇంజను కన్నా ఎక్కువ.

ఎఫ్-4సి ఫైటర్ ముక్కులోని పెద్ద రాడార్‌ను తీసేసి చిన్నది పెట్టారు. ముక్కును సాగదీసి అందులో కెమెరాలు అమర్చారు. తయారీ నమూనా విమానం 1964 మేలో ఎగిరింది. అదే ఏడాది దక్షిణ కెరొలినాలోని షా స్థావరంలో శిక్షణ మొదలైంది. 1965 అక్టోబరు నాటికి తొలి స్క్వాడ్రన్ దక్షిణ వియత్నాంలోని టాన్ సన్ న్యూట్ చేరింది. మొత్తం 503 విమానాలు తయారయ్యాయి. అమెరికా మెరైన్ దళం ఆర్ఎఫ్-4బి పేరుతో మరో 46 తీసుకుంది.

ఆ ముక్కులో ఏముండేవి?

మూడు గదులు. ముందు గదిలో ఏటవాలుగా ముందుకు చూసే కెమెరా ఉండేది. మధ్య గదిలో తక్కువ ఎత్తులో పనిచేసే పనోరమిక్ కెమెరా. దాని అద్దం గిర్రున తిరుగుతూ ఎడమ దిగంతం నుంచి కుడి దిగంతం దాకా ఒకే పొడవాటి బొమ్మగా పట్టేది. మూడో గది ఎత్తు నుంచి తీసే కెమెరాలది. తర్వాతి రోజుల్లో కొన్ని విమానాలకు 66 అంగుళాల ఫోకల్ దూరం ఉన్న భారీ కెమెరాను అమర్చారు. మీటరున్నర దాటిన ఫోకల్ దూరమన్నమాట. దానితో సరిహద్దు దాటకుండా, పక్కగా ఎగురుతూనే అవతలి వైపు బొమ్మలు తీయవచ్చు.

కెమెరా అంటే మన చేతిలోని ఫోన్‌లా గురిపెట్టి నొక్కడం కాదు. ఒక చిన్న లెక్క చూడండి. విమానం 300 మీటర్ల ఎత్తులో సెకనుకు 250 మీటర్ల వేగంతో పోతోంది. షట్టరు సెకనులో వెయ్యో వంతు సేపే తెరుచుకుంటుందనుకుందాం. ఆ కాస్తలోనే విమానం పాతిక సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. అంతమేర బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని బొమ్మ జరిగే వేగంతోనే కెమెరా లోపల ఫిల్మును కూడా జరిపేవారు. 150 మిల్లీమీటర్ల లెన్సు అయితే ఇక్కడ ఫిల్ము సెకనుకు పన్నెండున్నర సెంటీమీటర్లు కదలాలి. ఎత్తు మారినా వేగం మారినా ఆ లెక్క మారుతుంది. దాన్ని విమానంలోని యంత్రమే చూసుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. ఫొటోలను లోతుతో చూడాలంటే పక్కపక్క ఫ్రేములు ఒకదాని మీద ఒకటి అరవై శాతం దాకా కలవాలి. పై లెక్క ప్రకారం నాలుగున్నర అంగుళాల ఫ్రేములో నేల మీది 230 మీటర్లు పడుతుంది. అరవై శాతం కలవాలంటే ఒక్కో ఫ్రేములో కొత్త నేల తొంభై మీటర్లే. సెకనుకు మూడు ఫ్రేముల చొప్పున తీయాలన్నమాట. రీలు ఎంత త్వరగా అయిపోతుందో మీరే ఊహించుకోండి. లక్ష్యం చేరక ముందే మీట నొక్కిన నేవిగేటర్, అసలు చోటికి చేరేసరికి ఖాళీ రీలుతో మిగిలేవాడు.

రాత్రిపూట ఏం చేసేవారు?

మొదట్లో ఫ్లాష్ వాడేవారు. విమానం తోక వైపు, పై భాగంలో ఉన్న చిన్న తలుపుల్లోంచి వెలుగు గుండ్లను పైకి చిమ్మేవారు. అవి వెనక పేలి, క్షణం పాటు నేలను పట్టపగలు చేసేవి. బొమ్మ బాగానే వచ్చేది. కానీ నేను ఇక్కడున్నాను, రండి కాల్చండి అని శత్రువుకు దీపం పెట్టి పిలిచినట్లు ఉండేది.

అందుకే సిబ్బందికి ఇన్‌ఫ్రారెడ్ స్కానరంటే ఇష్టం. అది వెలుతురు అడగదు, వేడిని పట్టుకుంటుంది. వియత్నాం పక్కనున్న లావోస్ అడవుల్లో లారీ ఇంజను ఇంకా వేడిగా ఉంటే ఫిల్ము మీద మచ్చగా కనిపించేది. వంట పొయ్యిలు కూడా అంతే. దట్టమైన ఆకుల కింద అన్నీ కనిపించవనుకోండి. దీనికి తోడు పక్కకు చూసే రాడార్ కూడా ఉండేది. మబ్బుల్లోంచి నేలను గీసి, ఆ గీతనూ ఫిల్ము మీదే ముద్రించేది.

ఆయుధాలు ఎందుకు పెట్టలేదు?

మన దగ్గర ఒక సామెత ఉంది: చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని. హనుమంతుడు సీతమ్మను చూసి రావడానికి వెళ్లి లంకకు నిప్పు పెట్టి వచ్చాడు. నిఘా దళాల్లో ఆ చొరవ పనికిరాదు. తుపాకీ బరువు, గుండ్ల బరువు పోతే కెమెరాకూ ఇంధనానికీ చోటు దొరుకుతుంది. అంతకన్నా పెద్ద కారణం మనిషి స్వభావం. చేతిలో ఆయుధం ఉంటే వాడబుద్ధి పుడుతుంది. పోట్లాటలో దిగిన పైలట్ ఫిల్ము తీసుకురాడు.

ఒంటరిగా, నిరాయుధంగా, నిర్భయంగా అనేది ఆ దళాల నినాదం. మూడో మాట సంగతేమో కానీ మొదటి రెండూ అక్షరాలా నిజం. చివరి సంవత్సరాల్లో కొన్ని విమానాలకు ఆత్మరక్షణ కోసం సైడ్‌వైండర్ క్షిపణులు తగిలించుకునే వీలు కల్పించారు.

వియత్నాంలో ఎన్ని పోయాయి?

ఆగ్నేయాసియాలో అమెరికా వైమానిక దళం 83 ఆర్ఎఫ్-4సిలను కోల్పోయింది. వాటిలో 65 నేల మీది తుపాకుల వల్ల, 7 క్షిపణుల వల్ల. కొన్ని స్థావరాల్లో నిలిపి ఉండగా ధ్వంసమయ్యాయి, మిగిలినవి ప్రమాదాల్లో పోయాయి. ఉత్తర వియత్నాం మిగ్ ఫైటర్ల చేతికి చిక్కినది ఒక్కటీ లేదు.

ఈ అంకెలను కాస్త నిదానంగా చదవాలి. ఈ విమానాన్ని ఆకాశంలో తరిమి పట్టుకోవడం కష్టమని అవి చెబుతున్నాయి. కానీ ఫొటో తీయాలంటే కిందికి దిగాలి, రెక్కలు సమంగా పెట్టాలి, కొన్ని సెకన్లు తిన్నగా పోవాలి. ఆ కొన్ని సెకన్లే తుపాకీ పట్టినవాడికి కావలసింది.

అన్నిటికన్నా చెడ్డ పని దాడి తర్వాత నష్టం అంచనా వేయడానికి వెళ్లడం. బాంబర్లు పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటాయి. కింద ప్రతి తుపాకీ నిండి ఉంది, ప్రతివాడూ మేలుకుని ఉన్నాడు, కోపంగా ఉన్నాడు. పొగ కాస్త తేలిపోయాక ఫొటోలవాడు వస్తాడని వాళ్లకూ తెలుసు. ఏ దిక్కు నుంచి వస్తాడో కూడా ఊహించగలరు.

ఫాంటమ్ నల్లపొగ కథ నిజమేనా?

నిజమే. దాని జె79 ఇంజన్లు చాలాకాలం నల్లటి పొగ తోకలు వదిలేవి. విమానం చుక్కలా కనిపించక ముందే పొగ గీత కనిపించేది. రహస్యంగా పోవలసిన వాహనానికి ఇంతకన్నా అవలక్షణం ఇంకేముంటుంది.

విమానం దిగాక ఏం జరిగేది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. ఎవరూ త్వరగా అడగరు.

విమానం ఆగీ ఆగకముందే నేల సిబ్బంది ముక్కు కింది తలుపులు తెరిచేవారు. పైలట్ నిచ్చెన దిగడం తర్వాతి సంగతి. ఫిల్ము డబ్బాలు బయటికి వచ్చేవి, బండిలో పడేవి, చీకటిగదికి పరుగెత్తేవి. ఆ చీకటిగదులు కొన్ని పక్కా భవనాల్లో, కొన్ని ఎక్కడికైనా తరలించగల వ్యాన్లలో ఉండేవి. లోపల పొడవాటి యంత్రంలో ఫిల్ము ఒక రసాయనం నుంచి ఇంకో రసాయనంలోకి పాకుతూ పోయేది. డెవలపర్ వేడి కాస్త అటూ ఇటూ అయితే నెగటివ్ నల్లబడుతుంది, లేదా వెలిసిపోతుంది. ఇద్దరు మనుషులు ప్రాణాలకు తెగించి తెచ్చిన బొమ్మ అక్కడ ఒక కుర్రవాడి అజాగ్రత్తకు పాడయ్యే వీలుంది. ఆ కుర్రవాడికి పతకాలేమీ రావు, తప్పు చేస్తే మాత్రం అందరికీ పేరు తెలుస్తుంది.

ఆరిన ఫిల్మును ముక్కలు చేయకుండానే, రీలు రీలుగా వెలుగు బల్ల మీద పరిచేవారు. బల్లకు ఆ చివర ఒక చక్రం, ఈ చివర ఒక చక్రం, మధ్యలో పాలగాజు, దాని కింద దీపాలు. విశ్లేషకుడు వంగి, చక్రం తిప్పుతూ, భూమిని తన కళ్ల కింద నడిపించేవాడు. ప్రతి ఫ్రేము అంచునా సమయం, స్థానం, ఎత్తు సన్నని అచ్చుగా పడి ఉండేవి. పైలట్ గదిలో ఇంకా చెమట ఆరకుండా కూర్చుని, ఎక్కడ ఏం చూశాడో చెబుతుంటే, ఇక్కడ ఇతను దాన్ని ఫిల్ములో వెతికేవాడు. పైలట్ చూశానన్నది ఫిల్ములో లేకపోవడం, చూడనిది ఫిల్ములో ఉండటం మామూలే.

అందుకే విమానాన్ని మాత్రమే పొగిడితే నాకు ఒప్పదు. ఆర్ఎఫ్-4సి ఒక తపాలా జవాను. ఉత్తరం చదివేది వెలుగు బల్ల దగ్గర కూర్చున్నవాడే.

ఆ నలుపు తెలుపు మచ్చల్లో వాళ్లకు ఏం కనిపించేది?

నేను చదువుకునే రోజుల్లో భూగర్భశాస్త్రం తరగతిలో చేతి స్టీరియోస్కోపు ఇచ్చారు. రెండు కటకాలు, నాలుగు సన్నని కాళ్లు, అంతే. కింద ఒకే చోటికి సంబంధించిన రెండు విమాన ఫొటోలు పెట్టి, వాటిని మెల్లగా దగ్గరికీ దూరానికీ జరపాలి. పది నిమిషాలు నాకు రెండు బొమ్మలే కనిపించాయి, తల నొప్పి పుట్టింది. తర్వాత హఠాత్తుగా ఒక గుట్ట కాగితంలోంచి పైకి లేచి నిలబడింది. వాగు గొంతులా లోతుకు దిగిపోయింది. అప్పటి నుంచి నాకు ఈ పిచ్చి.

సైనిక విశ్లేషకులు చేసేదీ అదే. ఫ్రేములు అరవై శాతం కలవాలని పైన చెప్పింది ఈ లోతు కోసమే. చదునుగా కనిపించే ఆకుపచ్చ వల, స్టీరియోస్కోపు కింద నేల మీద నుంచి రెండు మీటర్లు లేచి కనిపిస్తే దాని కింద ఏదో దాచారన్నమాట.

నీడ ఇంకో సాక్షి. 1:2000 కొలతలో తీసిన ఫొటోలో నీడ పొడవు 5 మిల్లీమీటర్లుంటే నేల మీద అది 10 మీటర్లు. సూర్యుడు సరిగ్గా 45 డిగ్రీల ఎత్తులో ఉంటే ఆ వస్తువు ఎత్తూ 10 మీటర్లే. ఫొటో తీసిన సమయం తెలుసు కాబట్టి సూర్యుడి ఎత్తు లెక్క కట్టడం పెద్ద పనేమీ కాదు. పై నుంచి గుండ్రటి చుక్కలా ఉన్నది నీళ్ల ట్యాంకో, రాడార్ స్తంభమో నీడ చెప్పేస్తుంది.

బాటలు కూడా మాట్లాడతాయి. చెక్కతో చేసిన ఉత్తుత్తి తుపాకీకి బొమ్మ బాగానే కుదురుతుంది. కానీ దాని చుట్టూ మనుషులు నడిచిన కాలిబాటలు ఉండవు. నిజం తుపాకీ చుట్టూ గడ్డి అణగారిపోతుంది.

అమెరికా కాకుండా ఇంకెవరు వాడారు?

జర్మనీ కోసం ఆర్ఎఫ్-4ఇ అనే రకం తయారైంది. 1971 నుంచి 88 అందాయి. ఇజ్రాయెల్, ఇరాన్, గ్రీస్, టర్కీ, జపాన్ అదే రకం తీసుకున్నాయి. స్పెయిన్, దక్షిణ కొరియా అమెరికా వాడిన ఆర్ఎఫ్-4సిలను తెచ్చుకున్నాయి.

టర్కీ కథ విషాదం. 2012 జూన్ 22న ఒక టర్కీ ఆర్ఎఫ్-4ఇని సిరియా తీరం దగ్గర కూల్చేశారు. అందులోని ఇద్దరూ చనిపోయారు. విమానం ఎవరి గగనతలంలో ఉందన్న దాని మీద రెండు దేశాలూ చెరో మాట చెప్పాయి.

జపాన్‌లో దీనికి దక్కిన పని వేరు. అగ్నిపర్వతాలు, భూకంపాలు వచ్చినప్పుడు నష్టం ఫొటోలు తీయడానికి దీన్ని పంపేవారు. 2020 మార్చిలో అక్కడ చివరి నిఘా ఫాంటమ్‌లు సెలవు తీసుకున్నాయి.

అమెరికా ఎప్పుడు ఆపేసింది?

ముగింపు కాస్త ఇబ్బందిగా జరిగింది. 1980ల చివరికే దీన్ని పాతది అనుకున్నారు, స్క్వాడ్రన్లను ఒక్కొక్కటిగా రద్దు చేస్తూ వచ్చారు. ఇంతలో 1990లో కువైట్ మీద ఇరాక్ దండెత్తింది. పెద్ద కెమెరాలున్న ఆర్ఎఫ్-4సిలు అలబామా ఎయిర్ నేషనల్ గార్డ్ (ఆ రాష్ట్రపు రిజర్వు వైమానిక దళం) దగ్గర ఉన్నాయి. వాటిని గల్ఫ్‌కు పంపారు. యుద్ధంలో ఇరాక్ స్కడ్ క్షిపణుల వేట కూడా వీటికి పడింది. నెవాడా గార్డ్ విమానాలూ వెళ్లాయి.

అదే యుద్ధంలో బ్రిటిష్ టోర్నడో నిఘా విమానాలు ఫిల్ము లేకుండా, ఇన్‌ఫ్రారెడ్ బొమ్మను వీడియో టేపు మీద పట్టుకుని వచ్చాయి. చీకటిగది అవసరమే లేదు. ఆ టేపు చూసినవారికి ఫాంటమ్ రోజులు దగ్గరపడ్డాయని అర్థమై ఉంటుంది. 1995 సెప్టెంబరులో నెవాడా గార్డ్ చివరి ఆర్ఎఫ్-4సిలను పక్కన పెట్టింది. అదే ఏడాది వేసవిలో ప్రిడేటర్ డ్రోన్ బాల్కన్ యుద్ధంలో తొలిసారి పనిలో దిగింది.

మన వాయుసేన దగ్గర ఇలాంటివి ఉండేవా?

ఫాంటమ్ లేదు. కానీ కాన్‌బెర్రా పీఆర్-57లు ఉండేవి. అవి 106 స్క్వాడ్రన్‌లో పనిచేశాయి. వేగం తక్కువ, ఎత్తు ఎక్కువ. 1959 ఏప్రిల్ 10న వీటిలో ఒకదాన్ని రావల్పిండి దగ్గర పాకిస్థాన్ సేబర్ ఫైటర్ కూల్చింది. సిబ్బంది ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు.

నలభై ఏళ్ల తర్వాత, 1999 మే 21న, కార్గిల్ కొండల మీద ఫొటోలు తీయడానికి ఇంకో కాన్‌బెర్రా వెళ్లింది. స్క్వాడ్రన్ లీడర్లు పెరుమాళ్, ఝా అందులో ఉన్నారు. సముద్రమట్టం నుంచి చూస్తే విమానం చాలా ఎత్తులోనే ఉంది. కానీ కింద శిఖరాలే 16,000 అడుగులు దాటి ఉన్నాయి. శిఖరం మీద కూర్చున్నవాడికి విమానం అందుబాటులోనే ఉందన్నమాట. భుజం మీద పెట్టి పేల్చే క్షిపణి కుడి ఇంజనుకు తగిలింది. మిగిలిన ఒక్క ఇంజనుతో వాళ్లు శ్రీనగర్ చేరి దిగారు. వాయుసేన అధికారికంగా దాడులు మొదలుపెట్టింది మే 26న. తొలి దెబ్బ తిన్నది మాత్రం అంతకు ఐదు రోజుల ముందు, చూసి రావడానికి వెళ్లిన విమానం.

కాన్‌బెర్రాలు 2007లో సెలవు తీసుకున్నాయి. బరేలీలో ఉండే మిగ్-25 నిఘా విమానాలు అంతకు ముందు ఏడాదే ఆగిపోయాయి. అవి యుద్ధరంగం కన్నా దేశాల గుట్టు చూసే బాపతు, కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

తెలుగు నేల మీద ఈ విద్య శాంతి రూపంలో బతికే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం విమానాల్లోంచి నేల ఫొటోలు తీసి పటాలు తయారు చేస్తుంది. కెమెరా డిజిటల్ అయింది, కానీ పక్కపక్క ఫొటోలు ఒకదాని మీద ఒకటి కలవాలన్న నియమం మారలేదు.

ఉపగ్రహాలు, డ్రోన్లు ఉండగా మనిషి ఎందుకు వెళ్లాలి?

చాలావరకు వెళ్లనక్కర్లేదు, వెళ్లడం లేదు కూడా. ఉపగ్రహం ఎప్పుడు వస్తుందో శత్రువు లెక్కకట్టి వల కప్పుకోగలడు. డ్రోన్ గంటల తరబడి ఒకేచోట తిరుగుతుంది, కానీ మంచి గగనతల రక్షణ ఉన్నచోట నిదానంగా తిరిగే డ్రోన్ బతకదు. ఆ మధ్య ఖాళీని ఇప్పుడు మామూలు ఫైటర్ల కింద వేలాడదీసే కెమెరా పాడ్‌లు పూరిస్తున్నాయి. అవసరమైతే పాడ్, లేకపోతే బాంబు. లెక్కల వాళ్లకు ఇది నచ్చుతుంది. నిఘా ఒక్కటే పనిగా పెట్టుకున్న పైలట్ చూపు మాత్రం పాడ్‌తో రాదని పాతవాళ్లు గొణుగుతుంటారు. వాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను.

దీన్ని దగ్గరగా చూడాలంటే?

ఒహాయోలోని డేటన్‌లో అమెరికా వైమానిక దళ జాతీయ మ్యూజియం సేకరణలో ఒక ఆర్ఎఫ్-4సి ఉంది. ప్రవేశం ఉచితం. అక్కడి తెలుగువాళ్లు పిల్లలను తీసుకెళ్తే, రెక్కల దగ్గర కాకుండా ముక్కు కింద నిలబెట్టండి. పక్కనా కిందా చదునుగా బిగించిన అద్దాలు కనిపిస్తాయి. కెమెరాలు చూసింది వాటిలోంచే.

ఇలాంటి విమానాలు తీసిన ఫొటోల్లో ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు?

ఆర్ఎఫ్-4సిది కాదు, దాని అన్నలాంటి వూడూ తీసినది. 1962 నవంబరు 6, క్యూబాలోని కసిల్దా రేవు. సంక్షోభం సద్దుమణిగింది, సోవియట్లు క్షిపణి బండ్లను తిరిగి ఓడ ఎక్కిస్తున్నారు. బొమ్మలో రేవు గట్టు, ఓడ, బండ్లు, చీమల్లా మనుషులు. కింద కుడి మూలన నేల మీద ఇంకో ఆకారం పడి ఉంది. కోసుగా ముక్కు, వెనక్కి వాలిన రెక్కలు. ఫొటో తీస్తున్న విమానం నీడ అది.